ఉప్పు గుంటకు నాలుగు బిందెలు

గురవమ్మ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గుగా ఉండేది. దాచేపల్లి దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో రోజుకు రెండుసార్లు గదులు తుడవడం, కుండల్లో నీళ్ళు నింపడం వరకూ సరే. ఆ తరవాత ఆఫీసు వెనక్కి వెళ్ళి, నేలలో పాతిన ఒక ఇనప గొట్టంలో నాలుగు బిందెల నీళ్ళు పోసి రావాలి. అక్కడ చెట్టూ లేదు, పాదూ లేదు. ఉత్త నేల. నెలకోసారి అందులో ఇన్ని గుప్పిళ్ళ ఉప్పు కూడా వెయ్యాలి. అందరూ దాన్ని ఉప్పు గుంట అనేవారు. ఎందుకయ్యా ఈ నీళ్ళు అని మొదట్లో మేనేజరు ఆనందరావును అడిగింది. కొత్తగా వచ్చిన కంప్యూటర్ కోసం, నీకు చెప్పినా అర్థం కాదు, పొయ్యమన్నప్పుడు పొయ్యి, అన్నాడాయన. నిజానికి ఆయనకూ అంతకు మించి తెలియదు. తెలియని సంగతి అడిగితే కసురుకోవడం ఆయనకు అలవాటు.

రెండేళ్ళు పోసింది. మూడో ఏడు, అంటే ఎనభై ఎనిమిది మే నెలలో, చెరువు నెర్రెలిచ్చింది. ఫ్యాక్టరీకి మాత్రం రోజూ సాయంత్రం ట్యాంకర్ వచ్చి తొట్టి నింపి పోయేది. ఫ్యాక్టరీ ప్రహరీగోడకు అవతలే గురవమ్మ పాక. పాక ముందు చూడి గేదె. నోరు తెరుచుకుని, నాలుక బయట పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడేది. ఆ చూపు తట్టుకోవడం గురవమ్మ వల్ల కాలేదు. ఒకరోజు నాలుగు బిందెలూ అందరి ఎదుటా నింపుకుని, అందరి ఎదుటా ఆఫీసు వెనక్కి మోసుకుపోయి, గొట్టంలో పొయ్యకుండా గోడ మీదుగా అవతలి తొట్టిలో పోసేసింది. గేదె తొట్టిలో మొహం పెట్టి మళ్ళీ ఎత్తలేదు. నోరున్న దానికి కదా దాహం, నేలకేం దాహం అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

తొమ్మిది రోజులు ఏమీ కాలేదు. పదో రోజు కంప్యూటర్ మొరాయించింది.

కంప్యూటర్ మీద పని చేసే పిల్ల విజయలక్ష్మి నరసరావుపేట నుంచి వచ్చింది. గుంటూరులో మూడు నెలలు నేర్చుకున్నది ఆ పిల్ల ఒక్కతే కాబట్టి దాన్ని ముట్టుకునే హక్కు కూడా ఆమె ఒక్కదానిదే. ఎర్ర స్విచ్చి నొక్కితే పెట్టెలో ఫ్యాన్ సగం చుట్టు తిరిగి ఆగిపోయేది. ఆకుపచ్చ దీపం ఒక్కసారి వెలిగి ఆరేది. లోపల ఏదో టిక్ టిక్ మని కొట్టుకునేది. మొదటి రోజు పదిసార్లు నొక్కితే లేచింది. రెండో రోజు ఇరవై సార్లు పట్టింది. మూడో రోజు లేవనే లేదు. పెట్టె ఖరీదు లక్ష రూపాయల పైమాటని అందరికీ తెలుసు. సోమవారం హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు దాన్ని చూడ్డానికే వస్తున్నారు.

తుడుపుగుడ్డ పట్టుకుని గడప దగ్గర కూర్చున్న గురవమ్మకు ఆ టిక్ టిక్ తన గుండెలో వినిపించింది. నీళ్ళు లేక ఎండిపోయింది, చంపేశాను అనుకుంది. మూడో రోజు ఎవరూ చూడకుండా పరుగెత్తి ఒక బిందె గొట్టంలో పోసింది. ఆ నీళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. పెట్టె లేవలేదు. ఈ ఉద్యోగం పోతే ఆమెకు ఇంకో ఆధారం లేదు. భర్త యల్లమంద ఆరేళ్ళ కిందట పోయాడు. నకరికల్లు దగ్గర ఒక ఆసామి మిరపతోటకు నీళ్ళు కట్టబోయి, మోటారు స్టార్టర్ పెట్టె మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తియ్యలేదు. గట్టు మీద నిలబడి చూసింది గురవమ్మే. ఆ రోజు నుంచి ఆమె స్విచ్చి అన్నది ముట్టుకోలేదు. పాకలో కిరసనాయిలు బుడ్డి. ఆఫీసులో ఫ్యాన్ ఆపాలన్నా విజయలక్ష్మిని పిలిచేది. అందరూ నవ్వేవారు. నవ్వితే నవ్వారు, ఆమె మాత్రం ముట్టుకోలేదు.

శనివారం పొద్దున గుంటూరు నుంచి మాచర్ల బస్సులో ఇంజనీరు దిగాడు. పేరు ఖాదర్ వలి. ముప్పై ఏళ్ళుంటాయేమో, బక్కగా పొడుగ్గా, చేతిలో ఒక తోలు పెట్టె. మధ్యాహ్నం రెండింటి బస్సుకు తిరిగి పోవాలని వస్తూనే చెప్పాడు. కంప్యూటర్ గది గుమ్మం ముందు బూట్లు విప్పించాడు ఆనందరావు. దేవుడి గదికి లేని మడి ఆ గదికి ఉండేది: చెప్పులతో రాకూడదు, దుమ్ము ఉండకూడదు, నేల ఎప్పుడూ తడిగుడ్డతో తుడిచి ఉండాలి. అతిథి చెమటలు కక్కుతున్నాడని, వారం రోజులుగా నీళ్ళు లేక ఆపేసిన కూలర్లో రెండు బిందెలు పొయ్యమన్నాడు. గురవమ్మ పోసింది. కూలర్ గర్రుమని తిరిగింది.

ఖాదర్ వలి ముందు గోడలోని ప్లగ్గు చూశాడు. మీటరు పెట్టి కరెంటు వస్తోందో లేదో చూశాడు. కాస్త తక్కువే కానీ వస్తోందన్నాడు. స్టెబిలైజర్ చూశాడు. అదీ బాగానే ఉందన్నాడు. అతను ఒక్కొక్కటీ బాగుందన్నప్పుడల్లా గురవమ్మ తుడిచిన గడపే మళ్ళీ తుడిచింది. తప్పు వేరే ఎక్కడో దొరికితే తాను బతికిపోతుంది. దొరక్కపోతే వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి ఉప్పు గుంట దగ్గరికే వస్తాడు.

వైరు ఊడబీకి, పెట్టె మూత విప్పి, రంగులేసే కుంచెతో లోపలి దుమ్ము దులిపాడు. సిమెంటు దుమ్ము గుప్పెడు వచ్చింది. హమ్మయ్య, దుమ్మే అయ్యుంటుందని గురవమ్మ త్రికోటేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంది. ప్లగ్గు తగిలించి, పైన ఉన్న స్విచ్చి పెన్సిలుతో నొక్కాడు. టిక్ టిక్, అంతే. మళ్ళీ వైరు ఊడబీకాడు. లోపలి పచ్చ పలకలు ఒక్కొక్కటీ బయటికి లాగి, వాటి అంచుల్ని చిన్నపిల్లలు బళ్ళో వాడే రబ్బరుతో రుద్దాడు. అదేం వైద్యమో గురవమ్మకు అర్థం కాలేదు. ఒక పలక తీసి చూశాడు, ఇంకో పలక తీసి చూశాడు. టిక్ టిక్. గడియారం పన్నెండున్నర చూపించింది. దులిపిన దుమ్మంతా నేల మీద పడిందని ఆనందరావు విసుక్కుంటే గురవమ్మ మళ్ళీ వచ్చి బల్ల చుట్టూ తడిగుడ్డ పెట్టింది. వంగి తుడుస్తుంటే పైన ఖాదర్ వలి గొంతు వినపడింది.

“మీ ఎర్తింగ్ ఎట్లా ఉంది సార్?”

“బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు ఆనందరావు. “వెనక ఉప్పు గుంట. రోజూ నాలుగు బిందెలు. నేను కళ్ళారా చూస్తుంటా. ఏమే గురవమ్మా, పోస్తున్నావు గదా?”

గురవమ్మ తల ఎత్తలేదు. “పోస్తన్నానయ్యా,” అంది.

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. ఖాదర్ వలి చేతిలో మీటరు ఉంది. గోడ ప్లగ్గులో ఎర్త్ కోసం ఉన్న మూడో కన్నంలో తీగ పెట్టి చూడబోతున్నవాడల్లా ఆగిపోయి, మీటరు పక్కన పెట్టేశాడు. గోడకున్న గడియారం కేసి చూశాడు. అయితే అది చూడక్కర్లేదు, లోపలి పవర్ బాక్సే పోయుంటుంది అన్నాడు.

గండం గడిచింది. గురవమ్మ తుడుపుగుడ్డ బకెట్‌లో ముంచి పిండసాగింది. అప్పుడే విజయలక్ష్మి, ఊరికే తెలుసుకుందామన్నట్టు, ఎర్తింగ్ లేకపోతే ఏమవుతుందండీ అని అడిగింది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉండటం ఎవరూ గమనించలేదు. ఖాదర్ వలి స్క్రూలు విప్పుకుంటూ చెప్పాడు. ఇనప పెట్టెలో ఎక్కడైనా కరెంటు కారిందనుకోండి, అది నేలలోకి పోవాలని చూస్తుంది. ఎర్త్ తీగ దానికి దారి. ఆ తీగ పోయి పోయి మీ ఉప్పు గుంటలో దిగుతుంది. గుంట తడిగా ఉంటే కరెంటు అటే పోతుంది. తీగ తెగినా, గుంట ఎండినా, పెట్టె మీద చెయ్యి వేసినవాడే దారి అవుతాడు. పొలాల్లో స్టార్టర్ పెట్టెల దగ్గర రైతులు పోయేది అట్లాగే, అన్నాడు.

గురవమ్మ చేతిలో గుడ్డ బకెట్‌లో పడిపోయింది.

యల్లమందను గట్టు మీద పడుకోబెట్టాక లైన్‌మన్ వచ్చి పెట్టె చూశాడు. ఎర్త్ తీగ ఊడిపోయి ఎన్నాళ్ళయిందో, ఎవడూ చూసుకోలా, అని ఆసామితో అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. అదేమిటో ఆమెకు తెలియదు. ఎవడు చూసుకోవాల్సిందో, వాడు చూసుకోకపోవడం వల్ల తన మొగుడు పోయాడు అన్నంత వరకే అర్థమై, మొహం తెలియని ఆ మనిషిని ఆరేళ్ళుగా తిడుతూనే ఉంది. ఇప్పుడు చూస్తే ఈ గదికి ఆ మనిషి తానే.

బల్ల దగ్గర ఖాదర్ వలి అన్నీ సర్దుకున్నాడు. కరెంటు ఆన్ చేసి ఉండగానే లోపల కొలిచి చూడాలట. పెట్టె తేలిగ్గా ఉండి జరిగిపోతోంది కాబట్టి దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోమని విజయలక్ష్మికి చెప్పాడు. ఆ పిల్ల చేతులు ముందుకు చాచి, వెనక్కి తీసుకుని, ఆనందరావు మొహం చూసి, మళ్ళీ చాచింది. ఇద్దరివీ ఉత్త కాళ్ళు. వాటి కింద గురవమ్మ ఇప్పుడే తుడిచిన నేల మిలమిలలాడుతోంది. ఖాదర్ వలి ప్లగ్గు అందుకున్నాడు.

వద్దు అని అరవాలనుకుంది. ఆ రోజు గట్టు మీద లాగే ఇప్పుడూ అరుపు రాలేదు. గురవమ్మ లేచి వరండాలోకి పరిగెత్తింది. గోడ మీద మెయిన్ స్విచ్చి, ఇనప పెట్టె, ఇనప పిడి. ఆమె చేతులు తడిగా ఉన్నాయి. చీరకు తుడుచుకుంది. ఆరలేదు. మళ్ళీ తుడుచుకుంది. కళ్ళ ముందు యల్లమంద చెయ్యి కనపడింది, స్టార్టర్‌కు అంటుకుని, నల్లగా. చస్తే చస్తాననుకుంది. పైటకొంగు చేతికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని, పిడి పట్టుకుని కిందికి లాగింది.

ఫ్యాన్లు ఆగాయి. కూలర్ ఆగింది. ఆఫీసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తాను బతికే ఉన్నానని తెలియడానికి గురవమ్మకు కాస్త సేపు పట్టింది.

ఆనందరావు గదిలోంచి దూసుకొచ్చి, పిచ్చెక్కిందా నీకు అన్నాడు. ఆమె పిడి వదల్లేదు.

“నేను నీళ్ళు పొయ్యలేదయ్యా. పన్నెండు రోజుల్లో ఒక్క బిందె పోశా. తతిమ్మాయన్నీ మా గేదెకి పోశా. ఆ పెట్టె ముట్టుకోవద్దని చెప్పండయ్యా. ఆ పిల్లని బయటికి రమ్మనండి.”

ఖాదర్ వలి నెమ్మదిగా ప్లగ్గు చూశాడు. అది అప్పటికే గోడలో దిగి ఉంది. విజయలక్ష్మి చేతులకూ పెట్టెకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

అతను తన తోలు పెట్టెలోంచి ఒక బల్బు తీశాడు, రెండు తీగలున్నది. ఒక తీగను కంప్యూటర్ ఇనప ఒంటికి తగిలించాడు, రెండోదాన్ని వరండాలో నేలలోకి దిగిన కుళాయి గొట్టానికి. అందరినీ దూరంగా నిలబెట్టి, బూట్లు తొడుక్కుని, గురవమ్మ చేతిలోంచి పిడి తీసుకుని పైకి నెట్టాడు. కూలర్ గర్రుమంది. బల్బు భగ్గున వెలిగింది, ఇంట్లో దీపం వెలిగినంత నిండుగా. ఖాదర్ వలి మెయిన్ దించి, వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇందాక తడినేల మీద ఉత్తగా ఉన్న తన పాదాలకేసి చూసుకున్నాడు.

తరవాత కూలర్ ప్లగ్గు పీకి, మెయిన్ ఎత్తి చూశాడు; బల్బు వెలగలేదు. అప్పుడు చెప్పాడు. కూలర్ మోటారులో కరెంటు కారుతోంది. కూలర్‌కూ కంప్యూటర్‌కూ ఎర్త్ తీగ ఒకటే. ఉప్పు గుంట తడిగా ఉంటే ఫ్యూజు ఎప్పుడో కొట్టేసేది. గుంట ఎండింది కాబట్టి ఆ కరెంటు గదిలోని ప్రతి ఇనప వస్తువు మీదికీ ఎక్కి కూర్చుంది. ఎర్తింగ్ పోయాక కంప్యూటర్ పవర్ బాక్సుకు కరెంటు తిన్నగా అందడం లేదు. అందుకే అది లేవబోయి ఆగిపోతోంది, దానికి రోగమేమీ లేదు.

అప్పుడు విజయలక్ష్మి ఏడుపు మొదలుపెట్టింది. పది రోజుల నుంచి పెట్టె ముట్టుకుంటే చేతులు జివ్వుమంటున్నాయట. పెన్ను వెనక వైపుతో స్విచ్చి నొక్కుతోందట. పవర్ బాక్సులోంచి ఎప్పుడూ కొంచెం కారుతుంది, కూలర్ ఆగి ఉండబట్టి అంతటితో పోయింది, అన్నాడు ఖాదర్ వలి.

“చెప్తే నేనే పాడుచేశానంటారని భయమేసింది పిన్నీ,” అంది, ఆనందరావుతో కాదు, గురవమ్మతో. లక్ష రూపాయల పెట్టె ముందు ఆ పిల్లకు తన ప్రాణం చిన్నదిగా కనపడింది. గురవమ్మకు మాత్రం ఏం కనపడింది గనక, గేదె తప్ప.

ఆనందరావుకు నిలువెల్లా చెమటలు పట్టాయి. నిన్న సాయంత్రం ఇంకెవరూ లేనప్పుడు ఆ పెట్టె మీద చరిచి చూసినవాడు ఆయనే. భయం తీరేలోగా ఆయనకు కోపం వచ్చింది. రేపటి నుంచి పన్లోకి రావద్దని గురవమ్మతో చెప్పేశాడు. ఖాదర్ వలి తలొంచుకుని మీటరు తీగలు చుట్టుకున్నాడు. మీటరు చేతిలో ఉండి కూడా మాట నమ్మి పక్కన పెట్టిన సంగతి అతనికి తెలుసు.

ముందు గుంట తడవాలి. బల్బును అలాగే ఉంచి, కూలర్ మళ్ళీ తిప్పి, గొట్టానికి చెయ్యి తగలనీయకుండా నీళ్ళు పోస్తూ బల్బు చూడమన్నాడు ఖాదర్ వలి; గుంట తడిసేకొద్దీ కరెంటు అటు పోయి బల్బు తగ్గుతుందట. వాచ్‌మన్ హనుమయ్య మోశాడు. పన్లోంచి తీసేసిన గురవమ్మా మోసింది, వద్దని ఎవరూ అనలేదు. మొదటి నాలుగు బిందెలకు ఏమీ కాలేదు. నేల గుటకలు వేస్తున్న చప్పుడు గొట్టంలోంచి వినపడింది. ఆరో బిందెకు బల్బు కాస్త మసకబారింది. ఎనిమిదో బిందెకు పసుపుపచ్చగా అయింది. పదో బిందెకు ఫ్యాక్టరీ తొట్టి అడుగు కనపడింది. ట్యాంకర్ వచ్చేసరికి సాయంత్రమవుతుంది. బల్బులో తీగ ఇంకా ఎర్రగా, సన్నగా కాలుతూనే ఉంది. ఆ మాత్రం చాలా అని ఆనందరావు అడిగాడు. ఆ మాత్రం కరెంటైనా మనిషి చావడానికి చాలు సార్, అన్నాడు ఖాదర్ వలి.

గురవమ్మ ఖాళీ బిందె పట్టుకుని గేటు దాటి గోడ అవతలికి పోయింది. గేదె తొట్టిలో మొహం పెట్టి ఉంది. దాని మొహం పక్కకు నెట్టి, పొద్దున తాను పోసిన నీళ్ళలో మిగిలినవన్నీ ముంచుకుంది. అది బిందెలో మూతి పెట్టబోయింది. కొట్టలేదు, పక్కకు తోసి నడిచింది. రెండు బిందెలు అయ్యాయి. రెండోది గొట్టంలో సగం దిగేసరికి వరండాలో టప్పుమని ఫ్యూజు పోయింది. కూలర్ ఆగింది, బల్బు ఆరింది. ఖాదర్ వలి కూలర్ తీగ తెంపి పక్కన పడేసి, ఫ్యూజు కట్టి, మూడో కన్నంలో మీటరు పెట్టి, ఈసారి తన కళ్ళతో చూసుకుని, ఎర్ర స్విచ్చి నొక్కాడు. కంప్యూటర్ లేచింది. గదిలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. గొట్టం దగ్గర గురవమ్మ బిందె పక్కన పెట్టి మట్టిలో చతికిలబడింది.

ఉప్పు గుంట పని హనుమయ్యకు అప్పగించారు. గురవమ్మ సోమవారం నుంచి రాయి కొట్టే కూలికి కుదిరింది. అయితే పొద్దున్నే పనికి పోయేముందు పాక ముందు పల్లంలో గోడ పక్కన రెండు రాళ్ళు పేర్చుకుని, వాటి మీదెక్కి, గోడ మీదుగా ఆఫీసు వెనక్కి చూసింది. హనుమయ్య బిందె తెచ్చాడు. సగం గొట్టంలో, సగం తన కాళ్ళ మీద పోసుకున్నాడు. ఇంకో బిందె పోసి, గొట్టం మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

“ఒరేయ్ హనుమయ్యా,” అంది గోడ మీద నుంచి. “ఒకటిన్నర పోశావు. ఇంకా రెండున్నర.”

నీకెందుకే, నువ్వు పన్లో లేవుగా అన్నాడు వాడు. ఆమె దిగలేదు. కళ్ళార్పకుండా అట్లాగే చూస్తూ నిలబడింది. వాడు గొణుక్కుంటూ లేచి బిందె తీసుకున్నాడు. మర్నాడూ ఆమె గోడ ఎక్కింది. వానలు పడేదాకా ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా ఆ రాళ్ళ మీదికి ఎక్కి లెక్కపెట్టింది. “నాలుగు” అని ఆమె గట్టిగా అరిచేవరకూ, లోపల కిటికీ పక్కన విజయలక్ష్మి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ కేక వినపడ్డాకే స్విచ్చి నొక్కేది.